మగ్గానికి కావలసిన తడి

వానాకాలం వచ్చిందంటే పత్రికలో నాకు ఒకటే పని ఉండేది. ఏ ఊళ్లో ఏ గోడ కూలింది, లోపల ఎవరున్నారు, తహసీల్దారు వచ్చి చూశాడా లేదా. వేలూరులో ఒక తమిళ దినపత్రికకు ముప్పై ఏళ్లకు పైగా విలేకరిగా చేశాను. పడిపోయిన ఇళ్ల గురించి ఎన్నిసార్లు రాశానో గుర్తులేదు. నిలబడిన ఇంటి గురించి రాయడం ఇదే మొదలు. ఇది కూడా ఉత్సాహం కొద్దీ కాదు. గుడియాత్తంలో మేము కట్టుకున్న ఇల్లు చూడడానికి ఈమధ్య ఎవరెవరో వస్తున్నారు. మట్టి ఇటుకలు ఎక్కడ చేయించారు, ఏప్రిల్ నెలలో ఫ్యాను లేకుండా ఎలా ఉంటున్నారు అని అడుగుతారు. అడిగినదానికి జవాబు చెప్పి, కాఫీ ఇచ్చి పంపిస్తాను. మిగతాది నిలబడి చెప్పే ఓపిక ఉండదు. అందుకని రాస్తున్నాను.

మాది గుడియాత్తంలో నేతవాళ్ల వీధి. పాత ఇంటికి మట్టి గోడలు, పైన పెంకులు. ముందు గదిలో గుంట మగ్గం. నేలలో మోకాళ్లు దాటేంత లోతు గుంట తవ్వి, గట్టు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి తొక్కే మగ్గం అది. బావ పోయాక మా అక్క ఆ ఇంటికే తిరిగివచ్చి, ఆ మగ్గం మీదే లుంగీలు నేస్తూ ఉండేది. షావుకారు నూలు పంపిస్తాడు, నేసినది తీసుకుపోతాడు. నేను చదువు పేరుతో మగ్గం తప్పించుకుని వేలూరు చేరినవాణ్ణి. అక్కడే తొరపాడిలో అద్దె ఇంట్లో ఉద్యోగమంతా గడిచింది.

నేను రిటైరైన ఏడాది అక్టోబరు నెలాఖరులో, తమిళ లెక్కన ఐప్పసి వానలకు, పాత ఇంటి వెనక గోడ కూలింది. అక్క ముందు గదిలో మగ్గం మీద ఉండబట్టి బతికింది. నేను పోయి చూసేసరికి, గోడ పడిన గదికి గోనెసంచులు అడ్డం కట్టి, మళ్లీ నేతలో కూర్చుని ఉంది.

"ఇంక ఈడ ఉండొద్దక్కా. తొరపాడికి రా," అన్నాను.

"వస్తే ఈ పడుగు ఎవురు నేస్తారు, మీ తాసిల్దారా?" అంది తలెత్తకుండా.

పడుగంటే మగ్గానికి నిలువునా సాగదీసి కట్టిన నూలు. అది పూర్తయ్యేదాకా నేతగత్తె కదలదు. ఆ వారమంతా నేను గుడియాత్తంలోనే ఉన్నాను. అది పూర్తయిన రోజే ఇల్లు కట్టే మాట తీశాను. అందరం ఒకే కప్పు కింద ఉందాం, నేనూ, నా భార్యా, నువ్వూ అన్నాను. అక్క నూలు చుట్టిన కండెలు సర్దుతూనే జవాబిచ్చింది.

"మగ్గం ఉంటే ఉంటా. మగ్గం లేదంటే మాత్రం నన్ను పిలవొద్దు నాయనా. నేను యాడైనా ఒగ గది చూసుకుంటా. కట్టినంక మాట మారిస్తే ఊరుకోను."

మాట మార్చనని చెప్పాను.

ఇంటికి ప్లాను గీసింది మా అమ్మాయి. అది బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. మట్టితో, సున్నంతో, సిమెంటు తక్కువ వాడి కట్టే ఇళ్లు గీయడమే దాని పని. ఇతరులకు ఎన్నో గీసింది కానీ సొంతవాళ్లకు ఇదే మొదలు. శనివారం సాయంత్రం జోలార్పేటలో బండి మారి వచ్చేది, ఆదివారం రాత్రికి తిరిగిపోయేది. వచ్చినప్పుడల్లా ఎండ ఎటు నుంచి పడుతుంది, గాలి ఎటు వీస్తుంది, వాన నీళ్లు ఎటు పారతాయి అని స్థలమంతా తిరిగి రాసుకునేది. అంత శ్రద్ధగా నేను ఏ వార్తా సేకరించలేదు.

ఒక ఆదివారం తొరపాడి ఇంట్లో ఖాళీ అగ్గిపెట్టెలు అతికించి చేసిన నమూనా ఇంటిని నేల మీద పెట్టింది. అక్క అప్పటికి మా దగ్గరికి వచ్చేసింది. పాత ఇల్లు విప్పుతున్నారు, మగ్గం కొయ్యలు విప్పి తెలిసినవాళ్ల ఇంట్లో పెట్టారు. అమ్మాయి ఒక ఊదుబత్తి వెలిగించి నమూనా కిటికీలో దూర్చింది. పొగ లోపల తిరిగి, కప్పు కొసన ఉన్న సందులోంచి సన్నగా పైకి పోయింది.

"చూసినావా అత్తా? వేడి గాలి అట్లే పైకి పోతుంది. చల్లగాలి కింద నుంచి వస్తుంది. ఫ్యానే వద్దు."

"బాగుండాది పాపా. పొగ నిలవకుండా పోతా ఉండాది. మా అమ్మకు ఇట్లా వంటిల్లు ఉండుంటే కండ్లన్నా మిగిలేవి," అంది అక్క. "మగ్గం యాడ పెట్టినావు?"

"ఇదో, ముందు గది. తూరుపు ముఖం. రెండు కిటికీలు, నీకు వెలుతురు."

"గుంట?"

"గుంట కూడా కట్టిస్తా. సున్నం పూసి నున్నగా."

అక్క తల ఊపింది. ఆమెకు చదువు రాదు. కట్టబోయే ఇల్లు నేలకు ఎంత ఎత్తున ఉంటుందో ఆ నమూనాలో లేదు. ఆ ఎత్తు సంగతి ఆ రోజు మాలో ఎవరికీ తట్టలేదు. ముగ్గురిలో నేనే పెద్ద తప్పు చేసినవాణ్ణి. అక్క ఆ నమూనాలో చూడలేనిది, మా అమ్మాయికి తెలియనిది, నాకు తెలిసి ఉండాలి. నేను మగ్గం గుంట పక్కనే పుట్టి పెరిగాను. చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు దాంట్లో దిగి పడుకునేవాణ్ణి, చల్లగా ఉంటుందని. ఎందుకు చల్లగా ఉండేదో ఎప్పుడూ ఆలోచించలేదు.

మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే వేస్తారు. ఇళ్లు ఏటికేడాది కిందికి పోతాయి. వానొస్తే వీధి నీళ్లు గడప దాటి వస్తాయి. అందుకని మేస్త్రి ఇంటి మట్టాన్ని రోడ్డు కంటే బాగా ఎత్తు పెట్టాలన్నాడు. అమ్మాయి సరేనంది. ఆ ఎత్తు నింపడానికి కొత్త మట్టి తోలించకుండా, పాత ఇంటి పగిలిన పెంకులు, గోడల పెళ్లలు, రాళ్లు అన్నీ లోపలే వేయించింది. పాత ఇంటిలోంచి ఒక్క బండి చెత్త కూడా బయటికి పోలేదని దానికి గర్వం. నాకూ గర్వమే. వచ్చినవాళ్లకు మొదట నేను చెప్పే మాట అదే, ఇప్పటికీ.

ఇల్లు కట్టిన ఎనిమిది నెలలూ అక్క తొరపాడిలో మాతో ఉంది. మగ్గం లేని ఆడమనిషిని నేను దగ్గరగా చూడడం అప్పుడే. టీవీ ముందు కూర్చున్నా కాళ్లు కదిలేవి. ఒకటి తర్వాత ఒకటి, నెమ్మదిగా, తొక్కుతున్నట్టు. నా భార్య చూసి, "వదినా, మీరు నేసే లుంగీ ఎంతవరకు వచ్చింది?" అని ఆటపట్టించేది. "నీ మొగుడి పంచె నేస్తా ఉండానమ్మా, ఆయన మాటల మాదిరే తెగేదే లేదు," అనేది అక్క.

వాకిలి నిలబెట్టిన రోజు అక్క మొదటిసారి స్థలానికి వచ్చింది. ద్వారబంధానికి పసుపు రాసి, మామిడాకులు కట్టి, నవధాన్యాలు వేసి నిలబెట్టారు. అక్క మెట్లెక్కి లోపలికి పోయింది. మెట్లు నాలుగు. ముందు గదిలో మేస్త్రి గుంట తవ్వించి ఉంచాడు. అక్క వంగి లోపల చెయ్యి పెట్టి చూసింది. చేతికి అంటిన పొడిని చీర కొంగుకు తుడుచుకుంది.

మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. వాకిలి నిలబెట్టినప్పటి నుంచి, పాలు పొంగించి గృహప్రవేశం చేసేదాకా, ఆ ఇంటివాళ్లు ఆ ఇంటికి వంక పెట్టరు. గోడ వంకరగా ఉన్నా, తలుపు చిన్నదైనా, నోరెత్తరు. పెరిగే బిడ్డను పేరుపెట్టి తిట్టినట్టు అనుకుంటారు. మరీ చెప్పక తప్పకపోతే, ఎవరిదో వేరే ఇంటి కథగా చెబుతారు. వినేవాడు అర్థం చేసుకోవాలి. ఈ పద్ధతి నాకు కొత్తేమీ కాదు. మా అమ్మ బతికినన్నాళ్లూ ఇలాగే మాట్లాడింది.

ఆ రోజు మధ్యాహ్నం వేపచెట్టు నీడలో పులిహోర తింటూ అక్క అంది: "పిచ్చనూరు పక్క ఒగరు ఇల్లు కట్టినారంటప్పా. శానా బాగా కట్టినారంట. ఎత్తుగా. మగ్గం గుంటలో మాత్రం తడే లేదంట. పాపం, నూలు నిలవదంట."

"అట్లనా? వాళ్లు ఏం చేసినారు మల్ల?"

"ఏం చేస్తారు. ఎవురో ఒగరు ముందే చూసుండాల."

"పవర్‌లూము వచ్చినంక ఎవురికీ ఈ సంగతులు పట్టడం లేదక్కా," అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. జేబులోంచి నోటుపుస్తకం తీసి, చేనేత తగ్గిపోవడం మీద ఎప్పుడైనా రాస్తే పనికొస్తుందని ఆ సంగతి రాసుకున్నాను. అక్క నా నోటుపుస్తకం వైపు చూసింది, ఆకు మడిచి లేచిపోయింది. పెళ్లల నింపుడు అప్పటికింకా పైన నేల వేయకుండా ఉంది. అప్పుడే అడిగి ఉంటే, మగ్గం గది వరకు ఆ పెళ్లలు తీసేయించడానికి రెండు రోజులే పట్టేది.

ఆగస్టు చివర్లో, ఆవణి నెలలో పాలు పొంగించాం. ఇల్లు నిజంగానే బాగుంది. మందపాటి మట్టి గోడలు, సున్నపు పూత, నల్లబడిన పాత దూలాలే మళ్లీ కప్పుకు. వాన నీళ్లు పెరట్లో తొట్టికి పోతాయి. స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు కాలవలో పోయి అరటి మొక్కలకూ మెట్టతామరలకూ పారతాయి. మోకాళ్ల నొప్పులతో, ఉక్కపోతతో ఏళ్ల తరబడి నిద్రలేని నా భార్య మొదటి రాత్రే తెల్లవార్లూ నిద్రపోయింది. పొద్దున లేచి, "ఇంక నన్ను వేలూరుకు పిలవొద్దు," అంది.

ఆ సాయంత్రమే, చుట్టాలు వెళ్లాక, అక్క నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పాలు పొంగినాయి. ఇప్పుడు చెప్తా. గుంట ఎండుగా ఉండాదప్పా."

"కొత్తది కదక్కా. వానలొస్తే అదే నెమ్ము పట్టుకుంటుంది."

"చూస్తాం," అంది.

ఐప్పసి, కార్తీక వానల్లో మగ్గం నడిచింది. గాలిలోనే తడి ఉండే కాలమది. డిసెంబరులో మార్గళి మంచులోనూ నడిచింది. నేను చెప్పిందే నిజమైందనుకున్నాను. మార్చి నడిమికి మాసి నెల దాటింది. పొలాల మీది నుంచి వేడిగాలి మొదలైంది. ఆ గాలి మా కిటికీల్లోంచి వచ్చి, కప్పు సందులోంచి చక్కగా, అగ్గిపెట్టెల ఇంట్లో పొగ పోయినట్టే, పోయింది. మాకు చెమట ఆరింది. అక్క పడుగులో తడి ఆరింది.

గుంట మగ్గం గుంటలో ఎందుకు ఉంటుందో నాకు ఆ తర్వాతి పంగుని నెలలో తెలిసింది. నేల లోపలి నెమ్ము కింద నుంచి నెమ్మదిగా నూలుకు అందుతుంది. గంజి పెట్టిన నూలు ఆ నెమ్ము ఉంటేనే సాగుతుంది, లేకపోతే పుల్లలా విరుగుతుంది. మా గుంట నేలలో లేదు. నేలకు నాలుగు మెట్ల పైన, గాలి ఆడే పెంకుముక్కల మధ్య ఉంది. అడ్డపు నూలు మోసుకుని నాడె అటు నుంచి ఇటు పోయేలోపు ఎక్కడో ఒక పోగు టక్కున తెగేది. అక్క ఆపి, వంగి, తెగిన కొసలు వెతికి, వేళ్ల మధ్య నలిపి ముడివేసేది. మళ్లీ తొక్కేది. మళ్లీ తెగేది. పక్క గదిలో పేపరు చదువుకుంటున్న నాకు మగ్గం చప్పుడు కంటే అది ఆగడం ఎక్కువ వినిపించేది.

గోనెసంచులు తడిపి కిటికీలకు కట్టాం. గుంటలో కుండలతో నీళ్లు పెట్టాం, ఇసుక పోసి తడిపాం. పొద్దున తడిపితే మధ్యాహ్నానికి పెళ్లల్లోకి ఇంకిపోయేది. కప్పు సందుకు అట్ట అడ్డం పెడితే, ఇంట్లో మిగతా గదులు ఉడికాయి. నా భార్య విసనకర్ర తీసుకుంది. అది చూసి అక్కే అట్ట తీయించింది.

ఒక మధ్యాహ్నం ఆమె నేత ఆపి గట్టు మీద ఊరికే కూర్చుని ఉంది. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను.

"ముందే చెప్పుండొచ్చు కదక్కా."

"చెప్పినానే."

"ఎప్పుడు?"

"వాకిలి పెట్టిన దినం. పిచ్చనూరు పక్క ఇల్లు అని చెప్పలా? నువ్వు రాసుకుంటివే!" అంది. గొంతులో కోపం లేదు. "పేపర్లో వేస్తావేమో అనుకున్నా."

లోపలికి పోయి నోటుపుస్తకం తీసి చూశాను. ఉంది. నా అక్షరాలతోనే ఉంది, పక్కన గీత కూడా గీసుకున్నాను. ఎందరినో ఎన్నో అడిగి పొట్టపోసుకున్నవాణ్ణి, పిచ్చనూరు పక్క ఆ ఇల్లు ఎవరిదక్కా అని ఒక్క ప్రశ్న అడగలేదు.

ఏప్రిల్ ఎండలకు, చిత్తిరై నెలలో, అక్క మగ్గం ఆపేసింది. మా పక్క వీధిలో ఇంకా పాత మట్టి ఇల్లు మిగిలి ఉన్న నేతవాళ్లు ఒకరున్నారు. వాళ్ల రెండో మగ్గం ఖాళీగా ఉంది. అక్క పొద్దున ఏడింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడికి పోయేది. చీకటి పడే వేళకు వచ్చేది. మా చల్లటి ఇంట్లో కాళ్లు చాపుకుని, "ఇల్లు బాగుండాదప్పా, పడుకునేకి శానా బాగుండాది," అనేది. ఎత్తిపొడుపో నిజమో తెలిసేది కాదు. మగ్గం ఉంటేనే ఉంటానన్న మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. కానీ ఒకరోజు ఆ వీధిలో అద్దెకు గది ఉందేమో కనుక్కుంటోందని నా భార్యకు ఎవరో చెప్పారు.

నేను అమ్మాయికి ఫోన్ చేశాను. మొదట అది మాటలతో సర్దబోయింది. తేమ పుట్టించే మిషను ఉంది, కరెంటు ఎక్కువ తినదు అంది. తర్వాత తనే వచ్చి చూస్తానంది. ఆ శనివారమే వచ్చింది. తెల్లారి అత్త వెంట ఆ పక్క వీధి ఇంటికి పోయింది. నేనూ పోయాను. అక్క దాన్ని మగ్గం గట్టు మీద కూర్చోబెట్టి, గుంటలో కాళ్లు పెట్టమంది.

"ఏమి తెలస్తా ఉండాది?"

"చల్లగా ఉంది అత్తా."

"చల్లగా కాదు పాపా. చెయ్యి పెట్టి చూడు."

అమ్మాయి వంగి గుంట గోడ మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తీయలేదు. తర్వాత టేపు తీసి లోతు, వెడల్పు, కిటికీ ఎత్తు కొలిచింది. ఆ గదికి ఉన్నది ఒకే చిన్న కిటికీ, అదీ మోచేతి ఎత్తులో, నూలు మీదికి గాలి రాకుండా. కొలిచిన ప్రతిదీ అత్తను ఎందుకని అడిగి రాసుకుంది. ఇల్లు గీసేటప్పుడు ఎండనూ గాలినీ అడిగిన పిల్ల అది. దాని ముఖం చూడలేక నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

మా స్థలంలో పాత నేల మట్టం మిగిలింది ఒక్క చోటే. ఇంటి వెనక, అరటి మొక్కలూ మెట్టతామరలూ ఉన్న మడి. ఇంట్లో వాడిన నీళ్లన్నీ పారేది అక్కడికే. అమ్మాయి మిగతా పని ఎంత బాగా చేసినా, ఎక్కువ ప్రేమగా చేసింది ఆ మడినే. ఫోటోలు తీసి స్నేహితులకు పంపింది కూడా దాన్నే. ఆ మడినే తీసేసి, పునాది ఎత్తకుండా, నేల మీదే మగ్గానికి ఒక మట్టి గది కట్టాలని అమ్మాయే చెప్పింది. మరి నీళ్లు ఎక్కడికి పోతాయని అడిగాను.

"వీధి కాలవకి నాయనా. అందరివీ పోతున్నట్టే."

మేస్త్రి వచ్చి చూసి నెత్తి గోక్కున్నాడు. "నన్ను ఎత్తమంటిరి, ఎత్తినాను. ఇప్పుడు దించమంటారు. మీరు బాగా చదువుకున్నోళ్లు సార్, శరి. రేపు వానొచ్చి లోపలికి నీళ్లొస్తే నన్ను తిట్టకూడదు."

"వస్తే చేంతాడుతో తోడుకుంటా, నీకేమి," అంది అక్క. "నీళ్లు రాకపోతే తిడతా."

జులైలో, ఆడి నెల రాగానే, అరటి చెట్లు కొట్టారు. రెండు గెలలు ఇంకా పాలు పట్టే దశలో ఉన్నాయి. అమ్మాయి ఆ వారం రాలేదు. గది నెలలో లేచింది. చుట్టూ మందపాటి గోడ, ఒకే కిటికీ, లోపలికి ఒక మెట్టు దిగాలి. గుంటకు సున్నం వద్దంది అక్క. పేడతో తనే అలుక్కుంది. మగ్గం కొయ్యలు మళ్లీ నిలబెట్టిన మొదటి రోజు నేను గడప దగ్గరే కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా పోగు తెగింది రెండుసార్లు.

"దోమలు. అంతా దోమలే," అంది అక్క సంతోషంగా.

ఎండాకాలం అక్కడ ఉక్క. వానాకాలం గుంటలో చెంబుతో నీళ్లు తోడాలి. రాత్రి పెద్ద ఇంట్లోకి వచ్చి పడుకోమని నేనూ నా భార్యా చెప్పి చూశాం. తడిసిన నూలును ఎలుకలు కొరుకుతాయి, కాపలా ఉండాలి అంది మొదట. తర్వాత కారణం చెప్పడం మానేసింది. చాప, దిండు, కిరసనాయిలు పొయ్యి ఒక్కొక్కటే అటు పోయాయి. అందరం ఒకే కప్పు కింద ఉందామని కట్టిన ఇంట్లో ఇప్పుడు మేమిద్దరం ఉంటున్నాం. ఇల్లు చల్లగా ఉంటుంది. చూడవచ్చినవాళ్లు మట్టి గోడ మీద చెయ్యి పెట్టి మెచ్చుకుంటారు.

ఇది రాస్తుంటే వెనక నుంచి మగ్గం చప్పుడు ఆగింది. పోగు తెగినట్టుంది అనుకున్నాను. కాదు. అక్క కిటికీలోంచి పిలుస్తోంది:

"ఏమప్పా, మీ ఇంట్లో కాఫీ అయిందా?"

అయిందక్కా, తెస్తున్నా అని లేచాను. నాలుగు మెట్లు దిగాలి. మోకాళ్లు నాకూ నొప్పులే ఇప్పుడు.